ముఖం మీద రేజర్ పెట్టొచ్చా? అమ్మ వద్దంటోంది, పార్లర్ ఆమె పెట్టమంటోంది

నక్కలగుట్ట_హాస్టల్:
అక్కలూ, ఒక మాట చెప్పండి. మా ఊరు నర్సంపేట పక్కన, ఉద్యోగం హన్మకొండలో. వచ్చే నెల మా అక్క పెండ్లి. ఫౌండేషన్ వేసుకుంటే చెంపల మీది నూగంతా లేచి, ముఖం మీద పిండి చల్లినట్టు కనిపిస్తోంది. పార్లర్ ఆమె డెర్మాప్లేనింగ్ చేయించుకో అంటోంది, అంటే బ్లేడుతో ముఖం మీది నూగు గీకడమేనట, రెండు వేలట. మా రూమ్మేట్ నూట యాభై రూపాయల ఫేస్ రేజర్‌తో నెలకోసారి తనే గీసుకుంటుంది, ఆమె ముఖం నున్నగానే ఉంది. అమ్మకు ఫోన్‌లో చెప్తే "మగపిల్లగానివా గడ్డం గీసుకోనీకి" అని పెట్టేసింది. గీస్తే నిజంగానే మందంగా వస్తాయా?

పరకాల_పెద్దక్క:
వస్తాయి. చూసిందే చెప్తున్నా. మా చిన్నోనికి వేములవాడ రాజన్న దగ్గర పుట్టెంటికలు తీయించాం. అంతకుముందు ఎర్రగా, పల్చగా ఉండే జుట్టు ఏడాది తిరిగేసరికి నల్లగా ఒత్తుగా వచ్చింది. కరివేపాకు కొమ్మ తుంచితే ఏమవుతుంది? తుంచిన కాడ రెండు వస్తాయి. ఇదీ అంతే. మా కాలంలో పసుపు, సున్నిపిండి తప్ప ముఖానికి ఇంకేం ఎరుగం. ఇప్పటి పిల్లలకు కత్తులు కావాలి.

జమ్మికుంట_అన్న:
నేను పాతికేళ్లుగా రోజూ గీస్తున్నా. గీసినకొద్దీ మందమైతే ఈపాటికి ఇనుప తీగలు మొలవాలె.

మందుల_షాపు_చెల్లె:
పెద్దక్కా, కరివేపాకు కొమ్మకు కణుపులు ఉంటాయి, కణుపు దగ్గర మొగ్గ ఉంటుంది, అందుకే తుంచితే చీలుతుంది. వెంట్రుకకు కణుపు ఎక్కడిది? చర్మం పైన కనిపించేదంతా గోరు లాంటిదే, ప్రాణం లేనిది. ప్రాణమున్న కుదురు లోపల ఉంటుంది, రేజర్ అక్కడిదాకా పోదు. పైన కోశారన్న సంగతి కూడా దానికి తెలియదు. మరి గరుకుగా ఎందుకు తగులుతుందంటే, వరి కోసిన మడిలో చెప్పులు లేకుండా నడిచి చూడండి. కోయకముందు అదే పైరు చేతికి మెత్తగా తగిలింది, కోశాక కొయ్యకాళ్లు అరికాలికి గుచ్చుకుంటాయి. గడ్డి గట్టిపడలేదు, సన్నటి కొన పోయి మొద్దు మిగిలింది. ఇక చిన్నోని జుట్టంటారా, గుండు చేయించని పిల్లలకు కూడా ఆ వయసు దాటితే ఒత్తుగానే వస్తుంది. పోల్చి చూడ్డానికి మీ దగ్గర గుండు చేయించని చిన్నోడు ఇంకొకడు లేడు కదా. 1928లోనే అమెరికాలో మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గడ్డాలు గీయించి, వచ్చిన వెంట్రుకల మందం, రంగు, పెరిగే వేగం కొలిచింది. ఏ తేడా లేదు.

పరకాల_పెద్దక్క:
గడ్డాలు గీయించింది అంటే మగవాళ్ల మీదే కదా. మగవాని గడ్డం కొలిచి ఆడపిల్ల చెంప సంగతి చెప్తావా? ఇంకో మాట, వరి వరి అంటున్నావు, కోసిన దుబ్బుకు తడి తగిలితే మళ్లీ పిలకలు పెడుతుంది. నారేసినవాళ్లకు తెలుసు. పొలం మొహం చూడనివాళ్లు పోలికలు చెప్తే ఇట్లనే ఉంటది.

మందుల_షాపు_చెల్లె:
మాది ఆత్మకూరు దగ్గర మూడెకరాల పొలం అక్కా, సెలవుల్లో నాట్లకు పోయినదాన్నే. పిలక వచ్చేది మొదట్లో ఉన్న కణుపు నుంచి. మళ్లీ కణుపే! 1970లో ఇంకో పరీక్ష చేశారు, వారానికోసారి ఒక కాలు గీసి, రెండో కాలు అట్లే వదిలేసి, కొన్ని నెలల తర్వాత రెండూ పోల్చారు. తేడా రాలేదు.

పరకాల_పెద్దక్క:
ఆ కాలు ఎవరిది?

మందుల_షాపు_చెల్లె:
మగవాళ్లదే.

పరకాల_పెద్దక్క:
అట్ల చెప్పు.

రాత్రి_డ్యూటీ:
మా మేనమామ తిరుపతికి పోయి ఏడుసార్లు గుండు ఇచ్చిండు. బట్టతల మాత్రం మొక్కుమొక్కుకీ పెరిగింది.

కాజీపేట_కోడలు:
ఇక్కడ కరివేపాకు, వరి అయిపోయాయి, పత్తి ఒక్కటే మిగిలింది. నా సంగతి వినండి. పదేళ్లు థ్రెడింగ్ చేయించుకున్నా, మీసం దగ్గర దారం లాగిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు, రెండు రోజులకు చిన్న చిన్న పొక్కులు. తర్వాత వ్యాక్స్. రాత్రి పూట చర్మం పైపొరను నాజూకు చేసే రెటినాల్ క్రీమ్ రాస్తున్నానని పార్లర్‌లో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. పట్టీ లాగితే పైపెదవి మీది తోలు కూడా వచ్చింది, ఆ నల్లమచ్చ పోవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు రెండేళ్లుగా రేజర్, ఒక్క పొక్కు లేదు. కానీ మా అత్తమ్మ బాత్రూంలో ఆ గులాబీ రంగు రేజర్ చూసింది. నాకేం అనలేదు. సద్దుల బతుకమ్మ నాడు చెరువు కాడ పది మంది ముందు వాళ్ల చెల్లెలు నన్ను ఎగాదిగా చూసి "మీ కోడలు గడ్డం గీసుకుంటదట కదా" అంది. పళ్లెంలో సత్తుపిండి పట్టుకుని అట్లే నిలబడ్డా. మా ఆయన రోజూ అద్దం ముందు అరగంట గీసుకుంటాడు, ఆయన్ని ఎవరూ అడగరు. పెద్దక్కలాంటి వాళ్లను చూస్తే నాకు ఆ రోజే గుర్తొస్తది.

నక్కలగుట్ట_హాస్టల్:
అయ్యో వదినా. సరే, చేసుకోవాలంటే ఎట్లా చేసుకోవాలి, అది కూడా చెప్పండి.

మందుల_షాపు_చెల్లె:
మొటిమలు లేచి ఉంటే అసలు ముట్టుకోవద్దు, చీము ముఖమంతా పాకుతుంది. ముఖం కడిగి తుడుచుకో, పల్చగా కలబంద జెల్ రాసుకో. ఎడమచేత్తో చెంపను చెవివైపు గట్టిగా లాగి పట్టుకో, చర్మం వదులుగా ఉంటేనే తెగేది. ఒక్క బ్లేడున్న ఫేస్ రేజర్ తీసుకుని, నలభై అయిదు డిగ్రీల వాలులో, పై నుంచి కిందికి, గోరంత గోరంత దూరమే జరుపు. రెండు మూడు సార్లకోసారి టిష్యూతో తుడువు. తుడిచినప్పుడు చూడు, నూగుతో పాటు బూడిద రంగు పొడి వస్తుంది, అది చచ్చిన చర్మం. గ్లో అంటున్నారే, అదంతా ఆ పొడి పోవడం వల్లనే, కొన్ని రోజులు ఉంటుంది, అంతకు మించి ఆశపడొద్దు. ముక్కు అంచుల దగ్గరికి పోకు. అయ్యాక మాయిశ్చరైజర్, బయటికి పోతే సన్‌స్క్రీన్, రెండు రోజులు రెటినాల్, గ్లైకాలిక్ లాంటి పైపొర తీసే క్రీములు బంద్. పెండ్లి ముందు రోజు మొదటిసారి చేయకు, రెండు వారాల ముందే చేసి చూసుకో. రూమ్మేట్ రేజర్ మాత్రం అడగొద్దు. కంటికి కనిపించని గాటు నుంచి కూడా హెపటైటిస్ బి అంటుకోవచ్చు. పార్లర్‌కు పోతే బ్లేడ్ కవర్ నీ ముందే చింపమను.

పరకాల_పెద్దక్క:
బాగుంది, కత్తి పట్టడం కూడా నేర్పిస్తున్నారు. ఇవి చదివేది పెద్దవాళ్లు ఒక్కరేనా? స్కూల్ పిల్లలు చదవరా? నీ షాపులో రేజర్లు అమ్ముడుపోవాలి, అంతే కదా.

మందుల_షాపు_చెల్లె:
మా షాపులో ఫేస్ రేజర్లు లేవు. మీకు జవాబు లేనప్పుడల్లా మనిషి మీదికి వస్తున్నారు.

కాజీపేట_కోడలు:
మీలాంటి అత్తలు ఉన్నంత కాలం మేం బాత్రూం తలుపు వేసుకునే బతకాలి.

పరకాల_పెద్దక్క:
నేనింకా అత్తను కాలేదు. తలుపు వేసుకునే బతుకు గురించి నాకు చెప్పకు. పంతొమ్మిదేళ్లకు పెండ్లిచూపులకు కూర్చోబెడితే పిల్లగాని మేనత్త నా గదువ కింద వేలు పెట్టి ముఖం వెలుతురుకు తిప్పింది. ఏమీ అనలేదు. చాయ్ తాగి పోయారు, మళ్లీ రాలేదు. అట్ల మూడు సంబంధాలు. అప్పటినుంచి ఇరవై రెండేళ్లు పదిహేను రోజులకోసారి దారం. గదువంతా నల్లబడింది. అందరూ తీయించుకో తీయించుకో అన్నారే గానీ, మూడు నెలలకోసారి వచ్చే నెలసరి గురించి ఒక్కరు అడగలేదు. పెండ్లయి ఆరేళ్లు పిల్లలు కాకపోతే అప్పుడు డాక్టరమ్మ స్కాన్ రాసి, హార్మోన్ల తేడా, పీసీఓడీ అంది. ఇప్పుడు షుగర్ కూడా. పోయిన ఆదివారం మా పెద్దది, పదహారేళ్లది, వాళ్ల నాన్న రేజర్ పట్టుకుని బాత్రూంలో గొళ్లెం పెట్టుకుంది. గదువ మీద నల్లగా నాలుగైదు. లాక్కుని ఒక్కటిచ్చిన. నెలసరి దానిది కూడా సరిగా లేదు. మందమైతయా కావా అన్నది ఎవడికి కావాలి? నున్నగా కనిపిస్తే ఇక ఎవరూ అడగరు. నన్ను అడగలేదు.

రాత్రి_డ్యూటీ:
.

కాజీపేట_కోడలు:
పెద్దక్కా, ముందే చెప్పొచ్చు కదా. నేను కోపంలో అన్నా, ఏమనుకోకండి. కానీ ఒకటి. మీరు పిల్లను కొట్టి రేజర్ లాక్కున్నారు, డాక్టర్ దగ్గరికైతే తీసుకపోలేదు. మీ గదువ పట్టి తిప్పిన మేనత్తను మీరు మర్చిపోలేదు, ఆ పిల్ల ఆదివారం మర్చిపోతుందా?

పరకాల_పెద్దక్క:
నాకు నీతులు వద్దు.

మందుల_షాపు_చెల్లె:
ఈ విషయంలో నేను పెద్దక్క వైపే. చెంపల మీది నూగు వేరు, గదువ మీద నల్లగా, మొద్దుగా మొలిచేవి వేరు. నూగు అందరికీ ఉంటుంది. గదువ, మెడ, రొమ్ముల మధ్య మగవాళ్లకు వచ్చినట్టు వస్తూ, నెలసరి తప్పుతుంటే ఆండ్రోజెన్, అంటే మగ హార్మోన్, ఎక్కువైందేమో చూడాలి. హాస్టల్ చెల్లెకు చెప్పింది గదువ సమస్యకు మందు అనుకోవద్దు, అది నేను ముందే రాయాల్సింది. కానీ అక్కా, గీసుకున్నంత మాత్రాన రక్తంలో హార్మోన్ దాక్కోదు, పరీక్షలో దొరుకుతుంది. డాక్టర్ కంటితో కూడా చూస్తారు, శరీరం మీద తొమ్మిది చోట్ల ఎంత ఉందో లెక్క వేస్తారు, కాబట్టి పోయే ముందు కొన్ని రోజులు తీయకుండా ఉంచమనండి, లేదా తీసిన సంగతి చెప్పండి. గైనకాలజిస్ట్ దగ్గరికే పొండి, పార్లర్‌కు కాదు. వాళ్ల నాన్న రేజర్ మాత్రం ఇవ్వకండి, ఏదో ఒకటి చేసుకుంటానంటే దానిది దానికి కొనివ్వండి.

పరకాల_పెద్దక్క:
రేజర్ కొనను. ఆ మాట మీదే ఉంటా.

నక్కలగుట్ట_హాస్టల్:
నాది చెంపల మీద నూగు మాత్రమే, నెలసరి సరిగానే ఉంది. ఆదివారం చేసుకుంటా. అమ్మకు అయ్యాక చెప్తా.

జమ్మికుంట_అన్న:
ఎడమచెంప దగ్గర జాగ్రత్త చెల్లె, నేను ఎప్పుడూ అక్కడే కోసుకుంటా.

పరకాల_పెద్దక్క:
మందుల చెల్లె, ఉన్నావా? సోమవారం స్కూల్ మానిపించి తీసుకపోదామనుకుంటున్నా. దాన్ని తినిపించి తీసుకపోవాలా, పరగడుపునా?

మందుల_షాపు_చెల్లె:
పరగడుపునే అక్కా, షుగర్ కూడా చూస్తారు. ఇడ్లీ డబ్బా కట్టుకుని పొండి, రక్తం ఇవ్వంగనే పెట్టండి.