ఉల్బమా, జరాయువా, మాయా?

నిఘంటుప్రియ: “యథోల్బేనావృతో గర్భః”, ఉల్బం గర్భాన్ని కప్పినట్టు అని. గీత మూడో అధ్యాయంలోని ఈ పాదంలో ఉన్నది ల్బనా, ల్వనా? ప్లాసెంటా (కాన్పు తర్వాత పడే మాయ) జన్యువులకూ పసిబిడ్డ మెదడుకూ ఉన్న లంకె మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను; ప్లాసెంటాకు “ఉల్బం” అని పెట్టొచ్చా?

జీవశాస్త్రం మాస్టారు: ల్బ. ల్వ రూపం కూడా నిఘంటువులకెక్కింది. కానీ మన పాఠ్యపుస్తకాల్లో ఉల్బం అంటే ఉమ్మనీటి సంచి పొర; ప్లాసెంటా జరాయువు. కలపకండి.

నిఘంటుప్రియ: గీతాభాష్యంలో శంకరులే “ఉల్బేన చ జరాయుణా గర్భవేష్టనేన” అని కలిపేశారు కదండీ!

జీవశాస్త్రం మాస్టారు: పోలికకు గర్భాన్ని కప్పేది ఏదైనా సరే. ప్రయోగశాలలో కుదరదు. అమెరికాలో రోడ్ ఐలండ్ అధ్యయనంలో ప్లాసెంటా ముక్క ఎలా తీశారో చూడండి: కాన్పయిన 2 గంటల్లోపు, బిడ్డ వైపు నుంచి, బొడ్డుతాడు అతుక్కున్న చోటికి 2 సెంటీమీటర్ల దూరంలో, తల్లి వైపు పొర అంటకుండా. అంటిందా, తల్లి జన్యువుల పని బిడ్డ ఖాతాలో పడుతుంది. ఆలస్యమైతే, ఏ జన్యువు పనిచేస్తోందో చూపే ఆర్‌ఎన్‌ఏ చివికిపోతుంది.

అచ్చతెనుగు: అంత పట్టింపుంటే “మాయ” అనండి. “మాయ పడలేదు” అంటే గొడ్ల చావిడి నుంచి కాన్పుగది దాకా అందరికీ తెలుసు. జరాయువూ నిలకడైన మాట కాదు; “గర్భాశయో జరాయుః స్యాత్” అని అమరకోశం గర్భసంచికే ఆ పేరు పెట్టింది. నా లెక్కలో మావి, మాయి, మాయ: వకారం యకారమైంది. సంస్కృత మాయతో చుట్టరికం లేదు.

నిఘంటుప్రియ: “మాయ జన్యువులు” అంటే వేదాంతం అనుకుంటారు. “మావి” అంటే మామిడి అనుకుంటారు.

పోతన భక్తుడు: ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండే నారదుడి మాటలు విన్నాడు. భాగవతం ఏడో స్కంధం ఉండగా ఈ తర్జనభర్జన ఎందుకు?

జీవశాస్త్రం మాస్టారు: అక్కడ చెవి దారి, ఇక్కడ నెత్తురు దారి. హెచ్‌ఎస్‌డి11బి2 జన్యువు చేయించే ఎంజైమ్ తల్లి ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్‌ను పనిచేయని కార్టిసోన్‌గా మార్చి, బిడ్డకు చాలావరకు అడ్డుకుంటుంది. జన్యువు మీద మిథైల్ గుర్తులు (జన్యువు పనిని అణిచే రసాయన గుర్తులు) పెరిగితే ఎంజైమ్ తగ్గుతుంది. 2012లో అచ్చయిన ఆ అధ్యయనం ఫలితాల్లో ఆ గుర్తులు ఎక్కువున్న బిడ్డలకు “క్వాలిటీ ఆఫ్ మూవ్‌మెంట్” మార్కులు తగ్గాయి: చేతులూ కాళ్లూ సాఫీగా ఆడుతున్నాయా, ఉలికిపాట్లు, వణుకు ఎన్ని అని చూస్తారు. ఇది లంకె మాత్రమే; కారణమని రాయకండి.

అచ్చతెనుగు: దాన్ని “కదలికల నాణ్యత” అనకండి, నాణ్యత సరుకుకు. “కదలికల తీరు”.

పోతన భక్తుడు: తీరు బాగుంది. మూడో స్కంధంలో కపిలుడు దేవహూతికి పిండం పెరగడం చెప్పే చోటు కూడా చూడండి.

నిఘంటుప్రియ: చూస్తాను. ల్వ పాఠం అచ్చయిన గీత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పుట పెట్టండి.