ఉప్పుగాలికీ పడమటి ఎండకూ నిలిచే కిటికీ బ్లైండ్లు ఏవి?

గార తీరవాసి:
అందరికీ నమస్కారం. కళింగపట్నం దగ్గర, సముద్రానికి చేరువగా ఉన్న మా ఇంటి కిటికీలకు వేసవిలోపు బ్లైండ్లు పెట్టించాలనుకుంటున్నాము. తూర్పున హాలు కిటికీకి నేరుగా సముద్రపు గాలి తగులుతుంది. పడమటి పడకగదిలో మధ్యాహ్నం మూడు దాటితే ఎండ మంచం మీదికే వస్తుంది. కిటికీ తలుపులు బయటికి తెరుచుకుంటాయి, లోపల ఇనుప గ్రిల్ ఉంది. ఇంట్లో మూడేళ్ళ మనవరాలు తిరుగుతూ ఉంటుంది. దుకాణాల్లో రోలర్ (గొట్టానికి చుట్టుకునే తెర), జీబ్రా (దట్టమైన, పలుచని అడ్డపట్టీలున్న రెండు పొరల తెర), అల్యూమినియం, వెదురు అంటూ రంగులు చూపిస్తున్నారే గాని, ఏది ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పేవారు కనబడలేదు. వాడుతున్నవారు దయచేసి చెప్పగలరు.

విజయనగరం కంటోన్మెంట్ నివాసి:
ముందుగా పడమటి కిటికీ సంగతి చెబుతాను. ప్రొద్దు వాలిన తరువాత ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కిందినుంచే దూరి వస్తుంది కాబట్టి, ఆ వైపు సన్‌షేడ్ ఎంత వెడల్పుగా పోయించినా పెద్దగా ఉపయోగం ఉండదు. అక్కడ వెలుతురును పూర్తిగా ఆపే బ్లాకౌట్ రోలర్ వేయించుకోండి. అద్దం వైపు ఉండే ముఖం తెల్లగా ఉంటే వచ్చిన ఎండలో కొంత భాగం తిరిగి అద్దంలోంచే బయటికి పోతుంది. అయితే లోపల కట్టిన ఏ తెర అయినా అద్దం దాటి వచ్చిన వేడినే అడ్డుకుంటుంది గనుక, వీలున్నచోట కిటికీకి బయట తడికో పందిరో ఉంటే గది ఎక్కువ చల్లగా ఉంటుంది. జీబ్రా రకం చూడటానికి అందంగా ఉన్నా, రెండు పొరల గుడ్డ మధ్య చేరిన దుమ్మును తుడవడం కష్టం. పట్టీల సందుల్లోంచి ఎంతో కొంత వెలుతురు వస్తూనే ఉంటుంది కాబట్టి పగలు నిద్రపోయేవారి గదికి అది నప్పదు.

పొందూరు గృహిణి:
మా ఇంటి వరండాకు వెదురు తెరలు కట్టించాము. గాలి ఆడుతుంది, నీడ చల్లగా ఉంటుంది, ఖర్చూ తక్కువే. కానీ వెదురులోని పిండిపదార్థం కోసం పురుగు చేరుతుంది. పొద్దున్నే గచ్చు మీద సన్నని పసుపు పొడి రాలి ఉండి, బద్దల మీద సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తే పురుగు పట్టినట్లే. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టిన వెదురునే అడిగి తీసుకోండి. వానాకాలంలో తడిసిన తెరను చుట్టి ఉంచితే బూజు పడుతుంది. దించి, గాలికి ఆరనిచ్చిన తరువాతే చుట్టాలి. హాలుకు మాత్రం నేను మా ఊరి ఖాదీ తెరలే వేశాను. వాటిని విప్పి ఉతికి, ఎండలో వేసి మళ్ళీ తగిలించుకోవచ్చు, ఆ సౌకర్యం ఏ బ్లైండుకూ లేదన్నది నా గట్టి అభిప్రాయం.

రాజాం, ఇంటీరియర్ పనివాడు:
గుడ్డ గురించి, రంగు గురించి అందరూ అడుగుతారు గాని, తీరప్రాంతపు ఇళ్ళలో ముందుగా పాడయ్యేది బ్రాకెట్టు, స్క్రూ, లోపలి స్ప్రింగు. స్క్రూ బిగించేటప్పుడు బ్రాకెట్టు పెయింటు గీసుకుపోయిన చోటే ఉప్పుతేమ చేరి తుప్పు మొదలవుతుంది. కొన్నాళ్ళకు అక్కడినుంచి గోడమీదికి గోధుమరంగు చార దిగుతుంది. అందువల్ల తూర్పు కిటికీకి అల్యూమినియం గొట్టం, మంచి ప్లాస్టిక్ మర, 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు అడగండి. మామూలుగా దొరికే 304 రకం కన్నా 316లో మాలిబ్డినం ఉండటం వల్ల ఉప్పుగాలికి అది బాగా తట్టుకుంటుంది. గుడ్డకు బదులు పీవీసీ పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ జాలీ వేయిస్తే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, గాలి, వెలుతురు కొంత వస్తాయి.

మీకు గ్రిల్ లోపలే ఉంది కాబట్టి చట్రంలో కాకుండా పైన గోడకు బిగించాలి, తెర కిటికీ అంచులకు రెండు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. చట్రం లోపలే అమర్చేవారు మాత్రం పైన, మధ్యలో, కింద వెడల్పు కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొలతే ఇవ్వాలి, ఎందుకంటే మన గోడల చట్రాలు అన్నిచోట్లా ఒకే వెడల్పు ఉండవు.

మనవరాలి విషయం తేలికగా తీసుకోకండి. వేలాడే తాడు, పూసల గొలుసు పిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. వీలైతే తాడు లేని స్ప్రింగు రకం తీసుకోండి. గొలుసు తప్పనిసరైతే దానిని గోడకు బిగించే పట్టీ పెట్టించి, నేలకు 150 సెం.మీ. కన్నా కిందికి వేలాడకుండా చూడండి. మంచం, కుర్చీ కిటికీ కిందనుంచి జరపండి.

శ్రీకాకుళం పట్టణవాసి:
అల్యూమినియం పట్టీల రకం మన్నుతుందని చెబుతారు, తుప్పు విషయంలో అది నిజమే. అయితే పలుచని పట్టీకి ఒకసారి నొక్కు పడితే మళ్ళీ తిన్నగా కాదు, గాలికి పట్టీలు ఒకదానికొకటి తగిలి రాత్రంతా చప్పుడు చేస్తాయి. చెక్క పట్టీలు మన తేమకు వంకర తిరుగుతాయి కాబట్టి ఆ రూపమే కావాలనుకునేవారు చెక్కలా కనిపించే పీవీసీ పట్టీలు తీసుకోవడం మేలు, కాకపోతే అవి బరువు. ఇంకొక మాట: 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గాలి ఎలా వీచిందో మనమంతా చూశాము. తుఫాను హెచ్చరిక వినగానే బ్లైండ్లన్నీ పైకి చుట్టి, కిటికీ తలుపులు గడియ వేయాలి. దించి ఉన్న తెర అద్దాన్ని కాపాడదు.

గార తీరవాసి:
అందరికీ కృతజ్ఞతలు. పడకగదికి తాడులేని బ్లాకౌట్, తూర్పు కిటికీకి జాలీ రోలర్ అని నిర్ణయించుకున్నాము. తూర్పు కిటికీ వెడల్పు ఎనిమిది అడుగులు. అంత వెడల్పుకు ఒకే తెర సరిపోతుందా?

రాజాం, ఇంటీరియర్ పనివాడు:
సన్న గొట్టమైతే మధ్యలో వంగి, గుడ్డ ముడతలు పడి ఒక పక్కకు లాగుతుంది. రెండుగా విడగొట్టి, పక్కన అదనంగా ఉండాల్సిన నాలుగు అంగుళాలు కలిపి, ఒక్కొక్కటి నాలుగు అడుగుల నాలుగు అంగుళాలు వేయించండి. ఒకటి పాడైనా రెండోది పనిచేస్తుంది. రెండింటి నడుమ సన్నని వెలుతురు గీత కనబడుతుంది, దానిని కిటికీ నడిమి కమ్మీకి ఎదురుగా వచ్చేటట్లు కొలత ఇవ్వండి.