బీమా అంటే రాతను నమ్మనట్టే అంటున్న బావని ఎలా ఒప్పించాలి?

మా బావకి 41 ఏళ్లు, బోరబండలో ఉంటూ తాపీ పని చేస్తాడు. రెండేళ్ల క్రితం పరంజా మీద నుంచి పడి రెండు నెలలు పనికి వెళ్లలేదు, అప్పుడు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. అయినా బీమా మాటెత్తితే "నుదుటి మీద రాసింది ఎవరు తప్పిస్తారు, చావుని ముందే పిలుచుకున్నట్టు" అంటాడు.

నేను చేసినవి: బ్యాంకులో సురక్షా బీమా ఫారం నింపి తెచ్చాను. ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. ఆ డబ్బు నేనే కడతానన్నా సంతకం పెట్టలేదు. ప్రమాద సాయం ఇచ్చే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకి గత ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు కాగితం కావాలి, అదీ మేస్త్రీని అడిగి తెచ్చాను, అలమరలో పడి ఉంది. పోయిన నెల కాస్త గట్టిగా వాదించాను, అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, అక్క మధ్యలో నలిగిపోతోంది.

ఆయన భక్తిని నేను తప్పుపట్టను, స్వాతి నక్షత్రం రోజు యాదగిరిగుట్టకి ఆయనతో నేనూ వెళ్తాను. నిజానికి ఎంత కష్టపడినా చేతిలో ఏమీ మిగలని మనిషికి రాత అనుకోవడమే కాస్త ఊరట అనిపిస్తుంది. కానీ మళ్లీ పడితే పిల్లలిద్దరి చదువూ ఆగిపోతుంది, నా టెన్షన్ అదే.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లని, వాళ్ల నమ్మకాన్ని కించపరచకుండా సంతకం దాకా తెచ్చినవాళ్లు ఉంటే, ఏ మాట పనిచేసిందో చెప్తారా?