డ్రోన్ స్వార్మ్: గుంపా, మందా, దండా?

డెస్కులో పనిచేసేవాణ్ణి (ప్రశ్న నాదే):
అందరికీ నమస్కారం. రోజూ రక్షణ వార్తలు తెలుగు చేయడం నా ఉద్యోగం. ఒకేసారి కలిసికట్టుగా వచ్చిపడే డ్రోన్లని ఇంగ్లీషులో "డ్రోన్ స్వార్మ్" అంటారు, దానికి ఇన్నాళ్ళూ "డ్రోన్ల సమూహం" అని రాసి ఊరుకున్నాను. 2025 మే 13న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర అలాంటి డ్రోన్లని చిన్న రాకెట్లతో కూల్చే భార్గవాస్త్రం పరీక్షించారు కదా, ఆ వార్త రాస్తుంటే ఆ మాట మరీ చప్పగా తగిలింది. "డ్రోన్ల సమూహం వచ్చింది" అంటే పొదుపు సంఘం మీటింగుకి వచ్చినట్టుంది. మంచి మాట ఉంటే చెప్పండి.

రైతుబిడ్డ:
గుంపు మనుషులకి, మంద గొర్రెలకి, బారు కొంగలకి. పంట మీద పడే మిడతలకి మాత్రం దండు. 2020లో మిడతలు మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు మన పేపర్లన్నీ "మిడతల దండు" అనే రాశాయి, ఎవరూ నిఘంటువు తిరగెయ్యలేదు. డ్రోన్ల దండు అనెయ్యండి.

పాత ప్రూఫ్‌రీడర్:
నాదీ దండే, కానీ కారణం వేరు. స్వార్మ్ అంటే ఎక్కువ డ్రోన్లని మాత్రమే కాదు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, ఒకటి కూలితే మిగిలినవి దాని పని పంచుకుంటాయి. మందకైతే కాపరి ఉంటాడు, కాపరిని నిలేస్తే మంద నిలుస్తుంది. మిడతలకి ఆ ఇబ్బంది లేదు. బైబిలు సామెతల గ్రంథంలో కూడా మిడతలకు రాజు లేకపోయినా బారులు తీరి సాగుతాయనే ఉంటుంది. పైగా దండెత్తడం, దండయాత్ర మనకి ఉండనే ఉన్నాయి.

జువాలజీ టీచర్:
ఇంగ్లీషులో ఈ రెండు మాటలూ తేనెటీగల ఇంటివే, అది మర్చిపోతున్నారు. డ్రోన్ అంటే మన పాఠ్యపుస్తకాల్లోని పోతుటీగ. 1935లో బ్రిటిష్ వాళ్ళు తుపాకీ గురి సాధన కోసం మనిషి లేకుండా ఎగిరే విమానం తయారు చేసి "క్వీన్ బీ" అని పేరు పెట్టారు. రాణి ఈగ పేరు చూసే తర్వాతి వాటికి డ్రోన్ అన్న పేరు వచ్చిందంటారు. ఇందులో తమాషా, పోతుటీగకి కుట్టే ముల్లే ఉండదు! స్వార్మ్‌ని తుట్టె అందామంటే కుదరదు. తుట్టె అంటే గూడు, ఎగిరే ఈగలు కావు. ఎగిరొచ్చి మూగడానికి మన క్రియ ముసరడం.

డెస్కులో పనిచేసేవాణ్ణి:
బాగుంది. "దండు" నామవాచకానికి, "ముసురుకున్నాయి" క్రియకి. రెండూ తీసుకుంటున్నాను.

వ్యాకరణం మాస్టారు:
అసలు గొడవ ఆ ఆయుధం పేరుతోనండీ. ఒక చోట "భార్గవస్త్ర" అని చూశాను. దాన్ని విడదీస్తే భార్గ వస్త్రం, అంటే ఏదో పట్టుబట్ట! భృగువు వంశంలో పుట్టినవాడు భార్గవుడు. సంకల్పంలో శుక్రవారాన్ని భృగువాసరే అంటామే, ఆ భృగువే. భార్గవ, అస్త్రం కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి భార్గవాస్త్రం. చివర సున్నా తీసేసి "అస్త్ర" అని నిలబెట్టడం హిందీ వార్త చూసి రాసిన గుర్తు. ఇక అర్థం: చేతిలో పట్టుకుని నరికేది శస్త్రం, చేతి నుంచి విసిరేది అస్త్రం. రాకెట్టుకి అస్త్రం సరైన మాటే. భారతంలో పరశురాముడు కర్ణుడికి ఇచ్చిన అస్త్రమిది. కర్ణపర్వంలో కర్ణుడు దాన్ని ప్రయోగిస్తే లెక్కలేనన్ని బాణాలు పాంచాల సేన మీద కురుస్తాయి. గుంపు మీదకి వాడే ఆయుధానికి ఈ పేరు ఎంచినవాళ్ళు ఎవరో గానీ భారతం చదివినవాళ్ళే.

రైతుబిడ్డ:
మాస్టారూ, మరి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం?

పాత ప్రూఫ్‌రీడర్:
సరిగ్గా అదే కదా సమస్య! చవక డ్రోన్ ఒకటి కూల్చడానికి ఖరీదైన క్షిపణి వదిలితే, డ్రోన్ కూలినా నష్టం మనకే. పిచ్చుక ఒక్కటైతే సరిపెట్టుకోవచ్చు, దండుగా వస్తే? అందుకే భార్గవాస్త్రం తయారుచేసిన సోలార్ డిఫెన్స్ అండ్ ఏరోస్పేస్ కంపెనీ వాళ్ళు చిన్న రాకెట్ల దారి పట్టారు. గోపాల్‌పూర్ పరీక్షలో నాలుగు రాకెట్లు పేల్చారు. రెండు విడివిడిగా, మిగతా రెండూ రెండు సెకన్లలోపు ఒకదాని వెనక ఒకటి. రాకెట్టు రెండున్నర కిలోమీటర్ల దాకా వెళ్తుంది, పేలితే 20 మీటర్ల పరిధిలో ఉన్న డ్రోన్లకి దెబ్బ. ముందు వరసలో గైడెన్స్ లేనివి, అంటే మన తారాజువ్వ తరహా. దండు చెదిరాక మిగిలిన వాటికి గురిపెట్టి కొట్టే గైడెడ్‌వి. నన్నడిగితే మైక్రో రాకెట్‌ని "బుల్లి రాకెట్" అంటే చాలు, సూక్ష్మ క్షిపణి దాకా పోనక్కర్లేదు.

కర్నూలు నుంచి:
మా జిల్లానీ తలుచుకోండి. 2025 ఏప్రిల్ 13న కర్నూలులోని డీఆర్‌డీవో పరీక్షా కేంద్రంలో లేజర్ ఆయుధం మార్క్-2(ఏ)తో డ్రోన్లని కాల్చి పడేశారు. దాన్ని తయారుచేయడంలో ముందున్నది హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో వారి చెస్ (సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్) ప్రయోగశాల. పేపర్లో మాత్రం "నిర్దేశిత శక్తి ఆయుధ వ్యవస్థ" అని పడింది. మా నాన్న రెండుసార్లు చదివి, "కరెంటాఫీసు వార్తా?" అన్నాడు. కిరణాయుధం అంటే ఆయనకి ఒక్కసారికే అర్థమయ్యేది.

డెస్కులో పనిచేసేవాణ్ణి:
కిరణాయుధం రాసుకున్నాను. ఇంకొక్కటి మిగిలింది: సాఫ్ట్ కిల్, హార్డ్ కిల్. మొదటిది జామింగ్‌తో సిగ్నల్ చెడగొట్టి దారి తప్పించడం, రెండోది కూల్చడం. "మృదు సంహారం" అని రాయమన్నారు మా పైవాళ్ళు.

రైతుబిడ్డ:
మృదు సంహారమా, అదెక్కడి మాట! జొన్నచేలో మంచె ఎక్కి కేకేస్తే పిట్టలు లేచిపోతాయి, అది అదిలించడం. వడిసెలతో రాయి తగిలేలా విసిరితే కొట్టడం. అదిలింపు, కూల్చివేత. అయిపోయింది.

వ్యాకరణం మాస్టారు:
అదిలింపు భేషుగ్గా ఉంది. జామింగ్‌ని జామింగ్‌గానే ఉంచండి, పాఠకుడికి తెలిసిన మాటే.

డెస్కులో పనిచేసేవాణ్ణి:
ఇలా తిరగరాశాను: "డ్రోన్ల దండు ముసురుకుంటే ముందు జామింగ్‌తో అదిలిస్తారు, లొంగనివాటిని భార్గవాస్త్రం బుల్లి రాకెట్లతో కూలుస్తారు." ఎలా ఉంది? దండుకి బహువచనం దండులా, దండ్లా?

కర్నూలు నుంచి:
మా వైపు దండ్లు.