ఎన్‌క్రిప్షన్ డిస్కులు దొరకట్లేదు. ఆగాలా, మామూలువి వేసేయాలా?

సర్వర్‌గది:
హైదరాబాద్‌లో 120 పడకల ఆసుపత్రిలో ఐటీ చూస్తాను. రెయిడ్ 6లో (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక) 8 డిస్కులు, అన్నీ సెల్ఫ్ ఎన్‌క్రిప్టింగ్ రకం (ఎస్‌ఈడీ, డేటాని డిస్కే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటుంది), వాటిని నడిపే కంట్రోలర్ కార్డులో లాక్ చేసి ఉన్నాయి. మంగళవారం ఐదో స్లాట్‌లో నారింజ లైటు వెలిగింది, డిస్క్ పోయింది. అదే మోడల్ కావాలంటే 14 వారాలట. అంతే సైజు మామూలు డిస్క్ తెచ్చి పెట్టి చూశాను. కంట్రోలర్ గుర్తుపట్టింది కానీ రీబిల్డ్‌కి (పోయిన డిస్క్ డేటాని కొత్తదాంట్లో తిరిగి నింపడానికి) తీసుకోలేదు. మా పెద్దవాళ్లు "మొత్తం మామూలువి కొనేసెయ్" అంటున్నారు. నేనైతే ఆగుదామంటాను.

లైనక్స్_వలి:
ఆగకండి సర్. మామూలు డిస్కులు కొని లక్స్‌తో (లైనక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్) ఎన్‌క్రిప్ట్ చేయండి. ఏఈఎస్ (అది వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) పని చేసే ఇన్‌స్ట్రక్షన్లు 2010 నుంచి ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లలో ఉన్నాయి, స్పీడు గురించి టెన్షన్ అక్కర్లేదు. డిస్క్ కంపెనీ రాసిన ఫర్మ్‌వేర్‌ని (డిస్క్ లోపలి సాఫ్ట్‌వేర్‌ని) అంత నమ్మడం ఎందుకు? 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లు ఇలా తామే ఎన్‌క్రిప్ట్ చేసుకునే కొన్ని ఎస్‌ఎస్‌డీల్లో పాస్‌వర్డ్ లేకుండానే డేటా బయటికి తీయొచ్చని చూపించారు. మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని బిట్‌లాకర్‌లో (డిస్క్ ఎన్‌క్రిప్షన్ టూల్) సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షన్‌నే డిఫాల్ట్ చేసింది.

సర్వర్‌గది:
వాళ్లు పరీక్షించినవి క్రూషల్, శాంసంగ్ ఎస్‌ఎస్‌డీలు. నావి సర్వర్ డిస్కులు. రెండూ ఒకటి కాదు.

లైనక్స్_వలి:
ఒక కంపెనీ కాదు, రెండు కంపెనీలు తప్పు చేశాయి. మీ డిస్క్ ఫర్మ్‌వేర్ మీరు చదివారా?

సర్వర్‌గది:
మీరు లక్స్ కోడ్ మొత్తం చదివారా?

నెల్లూరు_బాబు:
సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) అడిగారా అన్నా?

పార్క్‌లేన్_డీలర్:
సీటీసీలో నాదే షాపు. మేం దాచిపెట్టి రేటు పెంచుతున్నామని అందరూ అంటున్నారు, బాధేస్తుంది. ఎస్‌ఈడీకి పార్ట్ నంబరే వేరు. అడిగేవాళ్లు తక్కువ, అందుకే ఎవరూ స్టాక్ పెట్టరు, ఆర్డర్ మీదే తెప్పిస్తాం. ఇప్పుడేమో ఏఐ డేటాసెంటర్ల వాళ్లు ఫ్లాష్, పెద్ద హార్డ్‌డిస్కులు రెండూ లాగేసుకుంటున్నారు. 2011లో థాయిలాండ్ వరదలప్పుడు మామూలు డిస్కులకే కటకట వచ్చింది, ఇక వీటి సంగతి చెప్పేదేముంది? ఫిప్స్ (అమెరికా ప్రభుత్వ ఎన్‌క్రిప్షన్ ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్నదే కావాలంటే మరీ కష్టం, అది ఒక్కో మోడల్‌కి, ఒక్కో ఫర్మ్‌వేర్‌కి ఇస్తారు. పైగా దాని పాత వెర్షన్ 140-2 సర్టిఫికెట్ల గడువు 2026 సెప్టెంబరు 21తో సరి. సర్వర్ కొన్న రోజే రెండు స్పేర్లు తీసుకోమని చెప్తాను, ఒక్కరూ వినరు.

లైనక్స్_వలి:
అసలు ఎస్‌ఈడీయే కావాలని ఎవరన్నారు? 2023 డేటా రక్షణ చట్టంలో జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది, నిజమే. 2025 నవంబరులో వచ్చిన రూల్స్ ఎన్‌క్రిప్షన్ అన్నాయి కానీ ఫలానా డిస్కే కొనమనలేదు. మీ పట్టుదల కోసం పేషెంట్ల డేటాని 14 వారాలు గాల్లో దీపంలా పెడతారా?

సర్వర్‌గది:
పట్టుదలా? పాత ఉద్యోగంలో చచ్చిన డిస్క్‌ని వారంటీకి నేనే పంపాను. యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, టేపు వేసి, కొరియర్ అబ్బాయికి నా చేత్తో ఇచ్చాను. ఎన్‌క్రిప్షన్ లేదు, చచ్చిన డిస్క్‌ని చెరపడమూ కుదరదు. అందులో స్కానింగ్ రిపోర్టులున్నాయని సాయంత్రం గుర్తొచ్చింది. అది ఎక్కడికెళ్లిందో ఈరోజుకీ తెలీదు. మళ్లీ అలాంటిది నా చేతుల మీదుగా జరగదు.

లైనక్స్_వలి:
లక్స్ పెట్టినా ఆ డిస్క్‌లో చెత్త అక్షరాలే కనిపించేవి కదా! మీది కంట్రోలర్‌లోనే కీ ఉండే పద్ధతి అయితే, సర్వర్ మొత్తం ఎత్తుకెళ్తే తాళంతో సహా పోయినట్టే.

సర్వర్‌గది:
మరి లక్స్ అయితే రాత్రి కరెంటు పోయి సర్వర్ రీస్టార్ట్ అయితే పాస్‌వర్డ్ ఎవరు కొడతారు? నైట్ డ్యూటీలో ఒక్క కుర్రాడు ఉంటాడు. వాడికి చెప్తే చీటీ రాసి మానిటర్‌కి అంటిస్తాడు. నేను చూశాను. నాకు డిస్క్ మీద నమ్మకం ఎక్కువై కాదండీ, చీటీ మీద నమ్మకం లేక.

లైనక్స్_వలి:
ఇప్పుడు అసలు మాటకొచ్చారు. నా భయమూ అదే, అటువైపు నుంచి. మా దగ్గర కంట్రోలర్ కార్డు కాలిపోయింది. కొత్తది పెడితే పాస్‌ఫ్రేజ్ (డిస్కుల తాళం తీసే పాస్‌వర్డ్) అడిగింది. తెలిసినాయన ఉద్యోగం మానేసి దుబాయ్ వెళ్లిపోయాడు. డిస్కులన్నీ బాగున్నాయి, ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. మూడు రోజులు బిల్లింగ్ ఆగింది, మాట పడింది నేను. డిస్కులు రావడం ఆలస్యమైతే తట్టుకోవచ్చు. తాళం ఒక్క మనిషి దగ్గరే ఉంటే తట్టుకోలేం.

శ్రీలక్ష్మి_గుంటూరు:
సర్వర్‌గది గారూ, ఇప్పటికే ఒక డిస్క్ పోయింది, ఇంకొకటి పోయినా నడుస్తుంది, మూడోది పోతే అంతే. అందాకా బ్యాకప్ రోజూ తీయండి. మరి మీ కంట్రోలర్ పాస్‌ఫ్రేజ్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

సర్వర్‌గది:
నాకంటే ముందు చూసినాయన పెట్టారు. నాకిచ్చిన ఫైల్లో వెతికాను, లేదు. ఆయన నంబరుంది. ఇప్పుడే చేస్తున్నాను.