కాన్సెప్ట్ కార్లన్నీ ఒకే అచ్చులో ఎందుకుంటున్నాయి?

బ్రాడీపేట నాలుగో లైను:
2024 డిసెంబరులో మయామీలో జాగ్వార్ కార్ల సంస్థ చూపించిన టైప్ 00 అనే కాన్సెప్ట్ కారు (అమ్మకానికి కాక, ఊహను చూపడానికి చేసే నమూనా) ఫొటోలను నిన్న మళ్లీ తీరిగ్గా చూశాను. బారెడు బానెట్, గోడల్లాంటి పక్కలు, వాటి మీద చీలికల్లాంటి కిటికీలు, వెనక అద్దమే లేని డిక్కీ. 2008 నుంచి ఆ సంస్థ టాటా వారిది కనుక మనకు కాస్త అభిమానం ఉండవచ్చు, అయినా అడగక తప్పదు. 1970లో ఇటలీ కార్ల రూపకర్తలు బెర్టోనే వారు చేసిన లాన్చియా స్ట్రాటోస్ జీరో అనే కాన్సెప్ట్ కారు ఎత్తు 84 సెంటీమీటర్లే. ముందు అద్దాన్ని పైకెత్తి లోపలికి దిగాలి. అదీ వాడుకకు పనికివచ్చేది కాదు, కానీ ఒకసారి చూసినవారు దాన్ని మరో కారుతో పొరబడే వీలు లేదు. ఇప్పటి కాన్సెప్ట్ కార్ల మీద పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో మీలో ఎవరైనా చెప్పగలరా? నా ఫిర్యాదు వాడుక గురించి కాదని ముందే మనవి చేస్తున్నాను.

పాత షెడ్డు:
ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లుగా టింకరింగ్ షెడ్డు నడుపుతున్నాను. మీ ప్రశ్న సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ వెనక అద్దం సంగతి తేల్చండి. అద్దం లేకపోతే బండిని వెనక్కి తీసేదెలా? కెమెరా ఉందంటారు. మే నెలలో బందరు రోడ్డు దుమ్ముకు, ఆపైన వచ్చే వాన బురదకు ఆ కెమెరా కన్ను ఎన్నాళ్లు తెరుచుకుని ఉంటుందో నేను చూడనివాడిని కాను.

కృష్ణలంక:
కొనగలిగినవారికి డ్రైవరు ఉంటాడు లెండి, ఆ చింత అతనిది.

బ్రాడీపేట నాలుగో లైను:
షెడ్డు గారూ, వాడుక గురించి కాదని రాసిన వాక్యాన్ని మీరు దాటేసినట్లున్నారు. వెనక అద్దం లేని పోల్‌స్టార్ 4 ఇప్పటికే రోడ్ల మీద అమ్ముడవుతోంది. మన ఊళ్లో సరుకు మోసే వ్యాన్లలో సగానికి వెనక అద్దం ఉండదు. వాటిని మీరే రోజూ మీ షెడ్డులోకి వెనక్కి తీసి పెడుతుంటారు.

పాత షెడ్డు:
వ్యాను వేరు, కారు వేరు. వ్యానులో బస్తాలుంటాయి, బస్తాలకు వెనక్కి చూడవలసిన పని లేదు.

మొగల్రాజపురం:
నాకు తెలిసి అసలు మోసం వేరే చోట ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ప్రదర్శనలో ఒక సంస్థవారి నమూనా కారు చూసి మనసు పారేసుకున్నాను. పేరు చెప్పను. రెండేళ్లు ఆగి, మొదటి వారంలోనే సొమ్ము కట్టాను. చేతికి వచ్చిన బండిలో ఆ పెద్ద చక్రాలు లేవు, దీపాల మధ్య వెలిగే గీత లేదు, లోపల తోలు స్థానంలో గుడ్డ ఉంది. షోరూములో అడిగితే అది కాన్సెప్ట్ అండీ అని నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

నమూనా:
నేను గుంటూరువాడిని, పుణెలో వాహన రూపకల్పన విభాగంలో పనిచేస్తున్నాను. మొగల్రాజపురం గారి బాధ అర్థమైంది కానీ, ఒక్క అనుభవంతో కాన్సెప్ట్ కారు అంటేనే మోసం అనుకోవడం సరికాదు. 1938లో జనరల్ మోటార్స్ వారి రూపకల్పన అధిపతి హార్లే ఎర్ల్ చేయించిన బ్యూక్ వై-జాబ్‌ను ఈ జాతిలో మొదటిదిగా చాలామంది లెక్కిస్తారు. దాన్ని ఆయన సొంత కారులాగా తోలుకుంటూ తిరిగాడు, అందులోని దాగే దీపాలు, మీట నొక్కితే కదిలే కిటికీలు తరువాతి కార్లలోకి వచ్చాయి. మన రాష్ట్రం సంగతే చూడండి. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రదర్శనలో కియా చూపిన ఎస్‌పీ కాన్సెప్ట్ మరుసటి ఏడాది పెనుకొండ దగ్గరి కర్మాగారం నుంచి సెల్టోస్‌గా బయటికి వచ్చింది. మహీంద్రా వారు 2022లో ఇంగ్లండులో చూపిన బీఈ.05 అనే విద్యుత్ కాన్సెప్ట్‌నూ, దాని నుంచి చేసి 2024 నవంబరులో విడుదల చేసిన బండినీ పక్కపక్కన పెట్టి తేడాలు వెతుక్కోవాలి.

పాత షెడ్డు:
ఆ బండి చక్రాలు చూశారా? పందొమ్మిది, ఇరవై అంగుళాలు. వాటికి టైరు అంచు పలచగా ఉంటుంది. గోతిలో పడిన ప్రతిసారీ రిమ్ము దెబ్బ తింటుంది. అందం అంటే గుంట చూసి భయపడడమా?

నమూనా:
మీకు చక్రాలు మాత్రమే కనబడుతున్నాయి, వాటి కారణం కనబడడం లేదు. బ్యాటరీని నేల కింద పరచడం వల్ల విద్యుత్ కారు నేలే మందమవుతుంది, మనుషులు ఆ పైన కూర్చోవాలి, పక్కలు ఎత్తు పెరుగుతాయి. ఆ ఎత్తుకు చిన్న చక్రాలు వేస్తే ఏనుగుకు మేక కాళ్లు అతికించినట్లుంటుంది. సొట్టలు తీసే పని వేరు, ఒక ఆకారాన్ని మొదటి నుంచి ఊహించే పని వేరు. ఈ తేడా తెలియకుండా చర్చ ముందుకు సాగదు.

కృష్ణలంక:
అయ్యో, ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది.

పాత షెడ్డు:
అనేశారు కనుక నేనూ చెబుతాను. మా నాన్నగారు ఇదే ఆటోనగర్‌లో లారీ కాబిన్లు కట్టారు. కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజను మాత్రమే వచ్చేవి. టేకు చట్రం మీద రేకు పరిచి, చెక్క సుత్తితో ఒక్కో అంగుళం వంచి, డ్రైవరు ఎత్తు చూసి అద్దం కోసేవారు; ఆయన చేసిన రెండు కాబిన్లు ఒకలా ఉన్నట్లు నాకు గుర్తు లేదు. దాన్ని ఎవరూ రూపకల్పన అనలేదు, కూలి అన్నారు. లారీలు కాబిన్‌తో సహా కంపెనీ నుంచే రావడం మొదలయ్యాక ఆ పని పోయి నేను కార్ల సొట్టల్లోకి వచ్చాను. మొన్న ఒక కొత్త కారు తలుపు వచ్చింది. దాని నడుమ రెండు పదునైన మడతలు కత్తెరలా కలుస్తాయి, సరిగ్గా ఆ కలిసే చోట సొట్ట. లోపలి నుంచి పట్టీతో నెట్టితే మడత సాగిపోతుంది, పైన లప్పం పెట్టి గీస్తే గీత వంకర పోతుంది. పలచటి గుడ్డ పరిచి దాని మీద అరచేయి ఈడ్చి చూశాను, కంటికి తెలియని అల చేతికి తెలిసింది. మూడు రోజులు కుస్తీ పట్టి, చివరికి తలుపు మార్చుకోమని చెప్పి పంపాను. వెనక అద్దం నాకెందుకు బాబూ? ఆ గీతలు గీసేటప్పుడు ఈ బండిని రేపు ఎవరు బాగుచేస్తారన్న ఊహ మీ గదిలో ఎవరికైనా వస్తుందా, రాదా? అది చెప్పండి.

మొగల్రాజపురం:
ఇది మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా.

నమూనా:
షెడ్డు గారూ, నేను అన్న మాట తప్పు, క్షమించండి. నిజం చెప్పాలంటే ఆ ఊహ రాదు. ఆ పదును ప్రెస్సులో సాధ్యమా కాదా అని అడుగుతాము, సొట్ట పడితే ఏమిటని నేనెప్పుడూ అడగలేదు. అయితే ఒక్క విషయం. కంప్యూటరులో గీసినా, పూర్తి పరిమాణంలో మట్టి నమూనా ఇప్పటికీ చేయిస్తాము, దాని మీద పనివారు మీలాగే అరచేయి ఈడ్చి అలలు పట్టుకుంటారు.

పాత షెడ్డు:
క్షమాపణ దేనికి లెండి. కానీ వారి మట్టి మెత్తన, గీకితే పోతుంది. నాకు వచ్చేది రేకు.

బ్రాడీపేట నాలుగో లైను:
అందరి మాటా అయింది, నేను అడిగినది తప్ప. ఒకే అచ్చు ఎందుకు?

నమూనా:
ఇప్పుడు చూపేవి ఎక్కువగా విద్యుత్ కార్లే కనుక అందరి నేల కిందా అదే బ్యాటరీ పలక. ఒక్క ఛార్జికి నాలుగు కిలోమీటర్లు ఎక్కువ రావాలంటే గాలిని తక్కువగా నెట్టాలి, గాలికి దేశభేదం లేదు కనుక పైకప్పు వంపు అందరికీ దగ్గర దగ్గరగా వస్తుంది. రేడియేటరు గాలి అవసరం తగ్గాక ముఖానికి గ్రిల్ (గాలి వెళ్లే ముందరి జాలీ) అక్కరలేకపోయింది, గుర్తుపట్టే ఆనవాలు అక్కడే పోయింది. మిగిలింది దీపాలు, గీతలు. అందుకే ఒక్కొక్కరు పదునైన మడతలు పెంచుకుంటూ పోతున్నారు.

పాత షెడ్డు:
అంటే వేరుగా కనబడడానికి మిగిలిన ఒక్క దారి నేను బాగుచేయలేని గీతేనా?

నమూనా:
ప్రస్తుతానికి అంతే.