చిన్న కారు సస్పెన్షన్‌లో మొదట ఏది మార్చాలి: షాకులా, స్ప్రింగులా, యాంటీ రోల్ బారా?

మలుపుదారి (ప్రశ్న):

నా దగ్గర ముందు చక్రాలకు ఇంజన్ శక్తి అందే చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగు, షాకు ఒకటిగా ఉండే నిలువు భాగాలు), వెనుక టోర్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే, మెలితిరగగల దూలం), అన్నీ కారుతో వచ్చినవే. ఓడోమీటరు 80,000 కిలోమీటర్లు దాటింది. మలుపుల్లో బండి బాగా ఒరుగుతోంది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, వేగంగా వెళ్తూ వరుస మారినప్పుడు ఒక పక్కకు ఒరిగి, మళ్లీ రెండో పక్కకు ఊగి, ఆ తర్వాత గాని స్థిమితపడటం లేదు. గతుకుల మీద మాత్రం ఇప్పటికీ మెత్తగానే ఉంది. వెనుక సీట్లో తరచుగా పెద్దవాళ్లు కూర్చుంటారు కాబట్టి ఆ మెత్తదనాన్ని పూర్తిగా వదులుకోలేను.

కారును 30 మి.మీ. దించే స్ప్రింగులు మాత్రమే వేయించడం, స్ప్రింగులు అలాగే ఉంచి మేలురకం షాక్ అబ్జార్బర్లు వేయించడం, వెనుక యాంటీ రోల్ బార్ (రెండు పక్కల చక్రాలను కలిపి ఒరుగుడును ఎదిరించే ఉక్కు కడ్డీ) బిగించడం, ఈ మూడూ నా ఆలోచనలో ఉన్నాయి. అన్నీ ఒకేసారి చేయించే ఉద్దేశం లేదు. దేనితో మొదలుపెట్టడం సమంజసమో, ఎందుకో వివరించగలరా?

పాత_పానా:

మీరు చెప్పిన లక్షణాలు రెండు, వాటి కారణాలు కూడా వేరు. బండి ఎంత ఒరుగుతుందనేది స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ నిర్ణయిస్తాయి. ఒరిగిన తర్వాత ఎన్నిసార్లు ఊగుతుందనేది షాకుల పని. షాక్ అబ్జార్బర్ కదలిక వేగాన్ని ఎదిరిస్తుందే తప్ప స్థానాన్ని కాదు. అందువల్ల పొడవాటి మలుపులో బండి ఒక కోణంలో నిలకడగా ఒరిగి ఉన్నప్పుడు ఎంత మంచి షాకైనా ఆ కోణాన్ని తగ్గించలేదు. కానీ వరుస మారడం, గభాలున స్టీరింగు తిప్పడం వంటి క్షణాల్లో బరువు ఎంత త్వరగా, ఎంత అదుపుతో ఒక పక్క నుంచి మరో పక్కకు చేరుతుందో షాకే తేలుస్తుంది. మీరు ఒరుగుడు అంటున్నదానిలో సగం నిజానికి ఈ అదుపులేని ఊగిసలాటే అయి ఉండవచ్చని నా అనుమానం.

80,000 కిలోమీటర్లు నడిచిన షాకుల్లో రీబౌండ్ (నొక్కుకున్న షాకు తిరిగి సాగే కదలిక) మీద పట్టు చాలావరకు తగ్గి ఉంటుంది. స్ట్రట్ ఒంటిమీద నూనె తడి, టైరు చుట్టూ పల్లాలు పడినట్టు అరగడం అందుకు స్పష్టమైన గుర్తులు. బానెట్ మీద బరువు వేసి ఊపి చూసే పరీక్షను మాత్రం నమ్మకండి. పూర్తిగా చచ్చిన షాకునే అది పట్టిస్తుంది, సగం అలసినదాన్ని పట్టించదు. కొత్త భాగాలకు డబ్బు పెట్టేముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకు కలిపే కింది చేయి) బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన ఉండే మౌంట్, బేరింగు, యాంటీ రోల్ బార్ లింకులు చూపించండి. టైర్లలో గాలి సరిగా ఉందో లేదో కూడా చూడండి. ఇవి వదులుగా ఉండగా ఎంత ఖరీదైన షాకు వేసినా ఫలితం అరకొరగానే ఉంటుంది.

వీటి తర్వాత నా సలహా: కారుతో వచ్చిన స్ప్రింగులే ఉంచి, వాటికి తగ్గట్టు తయారైన, రీబౌండ్ కొంచెం గట్టిగా ఉండే షాకులు నాలుగూ మార్పించండి.

నేలబారు:

నా అభిప్రాయం వేరు. బండి ఎత్తు తగ్గితే గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, ఒరుగుడు దానంతట అదే తగ్గుతుంది, స్ప్రింగు గట్టిదనం కూడా కలిసివస్తుంది. ఒకే ఖర్చుతో రెండు లాభాలు. చూడటానికీ బాగుంటుంది. స్ప్రింగులు ముందు వేయించి, షాకులు పూర్తిగా పోయాక వాటి సంగతి చూసుకోవచ్చు కదా?

లెక్కలమాస్టారు:

నేలబారు గారు చెప్పినది గురుత్వ కేంద్రం వరకు నిజమే, అయితే లెక్క అక్కడితో ఆగదు. మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న బండిని దించినప్పుడు లోయర్ ఆర్మ్ బయటి చివర పైకి లేస్తుంది. ఆ ఆర్మ్ కోణాన్ని బట్టి ఏర్పడే రోల్ సెంటర్ అనే బిందువు, బండి దిగిన దానికంటే ఎక్కువగా కిందికి జారిపోతుంది. బండిని ఒరగదోసే మీట పొడవు గురుత్వ కేంద్రానికీ ఆ బిందువుకీ మధ్య దూరమే కనుక, దించిన తర్వాత ఆ మీట పొడవు పెరుగుతుంది. కొత్త స్ప్రింగు తెచ్చిన గట్టిదనంలో కొంత భాగం ఈ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది చక్రం పైకి కదలడానికి మిగిలే చోటు. మామూలు ఎత్తులో ఆ చోటు 80 మి.మీ. ఉందనుకుందాం. 30 మి.మీ. దించితే 50 మిగులుతుంది. స్ప్రింగు దాచుకునే శక్తి కదలిక వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మునుపటి గతుకునే బంప్ స్టాప్‌కు (కదలిక చివర అడ్డుకునే రబ్బరు దిమ్మ) తగలకుండా మింగాలంటే గట్టిదనం 80 ÷ 50 వర్గమంత, అంటే దాదాపు 2.5 రెట్లు కావాలి. అంత గట్టి స్ప్రింగు రోడ్డు మీద తిరిగే కారుకు ఎవరూ వేయరు, 30 శాతం ఎక్కువ ఉంటేనే గొప్ప. ఫలితంగా బండి పదేపదే బంప్ స్టాప్‌ల మీద కూర్చుంటుంది. మలుపు మధ్యలో అలా జరిగితే ఆ చక్రం దగ్గర గట్టిదనం ఒక్కసారిగా పెరిగి టైరు పట్టు జారుతుంది. వెనుక సీట్లో పెద్దవాళ్లున్నప్పుడు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

షాకుల విషయం తర్వాత చూద్దామనడం అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం. ఒక చక్రం మోసే బరువు 280 కిలోలు, ఆ చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు 20 న్యూటన్లు అనుకుంటే, బండి సహజంగా సెకనుకు 1.35 సార్లు ఊగుతుంది. గట్టిదనం 30 శాతం పెంచితే అది 1.53 అవుతుంది. అదే షాకుతో చూస్తే ఊగిసలాటను అణచే నిష్పత్తి సుమారు 12 శాతం పడిపోతుంది. ఇప్పటికే అలసిన షాకు మీద ఈ భారం వేస్తే, మీరు వదిలించుకోవాలనుకుంటున్న ఊగుడే మరింత వేగంగా తిరిగివస్తుంది. స్ప్రింగు చుట్టు కోయించి బండిని దించడం గురించి అడిగేవాళ్లూ ఉంటారు కనుక ఒక మాట: కోసిన చివర తన పళ్లెంలో సరిగా కూర్చోదు, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై స్థానం తప్పవచ్చు. ఆ ఆలోచనే వద్దు.

ఇక యాంటీ రోల్ బార్. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే మొత్తం బరువును ఏ బారూ తగ్గించదు. 1,000 కిలోల కారు గురుత్వ త్వరణంలో సగం బలంతో తిరుగుతూ, దాని గురుత్వ కేంద్రం ఎత్తు 55 సెం.మీ., చక్రాల మధ్య వెడల్పు 145 సెం.మీ. ఉంటే, సుమారు 190 కిలోల బరువు పక్కకు మారి తీరుతుంది. అందులో ముందు ఇరుసు ఎంత మోయాలి, వెనుక ఇరుసు ఎంత మోయాలి అనే పంపకం ఒక్కటే బారు చేతిలో ఉంది. వెనుక బారు బిగిస్తే ముందు టైర్ల మీద ఆ భారం తగ్గి, ముందు చక్రాలతో నడిచే కార్లకు సహజమైన అండర్‌స్టీర్ (స్టీరింగు తిప్పినంతగా తిరగకుండా ముందు భాగం మలుపు బయటికి జారడం) తగ్గుతుంది. అందుకే చిన్న కార్లలో దీనికంత పేరు. కానీ మందం ఎంచుకునేటప్పుడు జాగ్రత్త అవసరం: గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మి.మీ. బారుకు బదులు 22 మి.మీ. వేస్తే 10 శాతం లావుకు 46 శాతం గట్టిదనం వస్తుంది. వెనుక మరీ గట్టిపడితే, తడి రోడ్డు మీద మలుపు మధ్యలో ఆక్సిలరేటర్ వదిలినప్పుడు వెనుక భాగం బయటికి జారే అవకాశం పెరుగుతుంది. ఒక చక్రమే గుంతలో పడినప్పుడు ఆ కుదుపు రెండో పక్కకూ పాకి, వెనుక కూర్చున్నవారి తల అటూ ఇటూ ఊగుతుంది. షాకులు మార్చి కొన్నాళ్లు నడిపాక కూడా ఒరుగుడు అసంతృప్తిగా ఉంటేనే సన్నని బారు గురించి ఆలోచించండి.

మలుపుదారి:

ఇద్దరి వివరణలూ చదివాక ఎత్తు దించే ఆలోచన మానుకున్నాను. ముందుగా అరిగిన భాగాలు, వాటితోపాటు షాకులు చేయిస్తాను. షాకుల్లో గట్టిదనం సర్దుబాటు చేసుకోగలిగినవి ఎంచుకోవడం మేలా? బిగించేటప్పుడు వర్క్‌షాపులో నేను తప్పక అడగవలసినవి ఏమైనా ఉన్నాయా?

పాత_పానా:

మీ అవసరానికి సర్దుబాటు మీట తప్పనిసరి కాదు. ఒకే మీట ఉన్న వాటిలో చాలావరకు ప్రధానంగా మారేది రీబౌండే. ఎక్కువమంది దాన్ని ఒకసారి తిప్పి, నచ్చినచోట వదిలేసి, మళ్లీ ముట్టుకోరు. మీ స్ప్రింగులకు సరిపోయే స్థిరమైన షాకు దొరికితే అదే చాలు.

బిగింపు గురించి మాత్రం గట్టిగా పట్టుబట్టండి. షాకులు ఒక ఇరుసుకు రెండూ కలిపే మార్చాలి. ముందు స్ట్రట్ విప్పుతున్నప్పుడే పై మౌంట్, బేరింగు, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కొత్తవి వేయించండి, లేకపోతే వాటికోసం అదే పని మళ్లీ చేయించవలసి వస్తుంది. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా పై నట్టు విప్పడం ప్రాణాంతకం, కనుక ఇంట్లో ప్రయత్నించకండి. లోయర్ ఆర్మ్‌కూ, వెనుక బీమ్‌కూ ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండి బరువు చక్రాల మీద పడి మామూలు ఎత్తులో ఉన్నప్పుడే చివరి బిగింపు ఇవ్వాలి. అలా చేయకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చీలిపోతుంది. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. స్ట్రట్ కింది బోల్టుల రంధ్రాల్లో ఉండే కొద్దిపాటి సందు వల్ల క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకు వాలే కోణం) మారితే దానితో పాటు టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది కాబట్టి, ముందుగా క్యాంబర్ రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే టో సరిచేయమని చెప్పండి.